కేసు కొట్టేశారు, పేరు మాత్రం ఉండిపోయింది

ఈసారి పోస్టు పొడుగ్గానే ఉంటుంది, తీరిక చేసుకుని చదవండి. మన సంఘం వాళ్లకి నేను ఇన్నాళ్లూ చెప్పని సంగతి ఒకటి ఇందులో ఉంది. మా ఇంట్లో కూడా "ఇప్పుడెందుకు అవన్నీ" అన్నారు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే మొన్న ఉగాది కార్యక్రమం అయిపోయాక కుర్చీలు సర్దుతుంటే ఒక అబ్బాయి నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

అనంతపురం వైపు పిల్లాడు. ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పచ్చడి తిన్నావా అంటే తిన్నానన్నాడు, ఇంకా కదల్లేదు. కాసేపటికి మెల్లగా అడిగాడు: "అంకుల్, పోలీసు కంప్యూటర్లోంచి పేరు తీసేయించే మనుషులు ఉంటారంట కదా, మీకెవరైనా తెలుసా? ఒకాయన 40 వేలు అడుగుతున్నాడు."

2021లో ఏదో సిగ్నల్ దగ్గర ఆటో అతనితో గొడవైందట. ఒకరినొకరు తోసుకున్నారు, ఆటో అతని చెయ్యి తగిలి అద్దం పగిలింది, రక్తం వచ్చింది. కేసు. ఇప్పుడు కొత్త కంపెనీ వాళ్లు వెరిఫికేషన్ ఫారం ఇచ్చారు, అందులో "మీ మీద ఏదైనా క్రిమినల్ కేసు ఉందా" అని ఒక గడి. ఆ గడి దగ్గర పెన్ను ఆగిపోయింది.

ఇలా నన్ను అడిగినవాళ్లలో ఈ అబ్బాయి మూడోవాడు. వాళ్లకి తెలియని విషయమేమిటంటే, అదే గడి దగ్గర నా పెన్ను కూడా ఆగింది.

2013 ఎండాకాలం. అప్పుడు మేము రామమూర్తి నగర్‌లో ఉండేవాళ్లం. కావేరి నీళ్లు మా వీధికి ఇంకా రాలేదు, బోర్లు ఎండిపోయాయి, అంతా ట్యాంకరే. ఎదురింటి పెద్దాయన, రిటైరైన బస్సు డ్రైవరు, ఆయనా మేమూ ఒకే ట్యాంకరుకి డబ్బులు కట్టాం. ముందు ఎవరి సంపులోకి పైపు దించాలి అన్నదే గొడవ. ఇప్పుడు చెప్పుకుంటే సిగ్గేస్తుంది. నేను అరిచాను. ఆయన అరిచాడు. మా తమ్ముడు అప్పుడే బండి దిగి వస్తున్నాడు, అన్నని ఎవరో తిడుతున్నారని చేతిలో హెల్మెట్ విసురుగా ఊపాడు. పెద్దాయన నుదుటి మీద రెండు కుట్లు పడ్డాయి. హెల్మెట్ తమ్ముడిది, నోరు నాది. ఆయన స్టేషన్‌కి వెళ్లడంలో తప్పేమీ లేదు. నేనున్నా వెళ్లేవాణ్ణి.

ఎఫ్‌ఐఆర్‌లో ఐపీసీ 323, 324, 504, 506, వాటితో పాటు 34. తమ్ముడు ఏ1, నేను ఏ2. ఆ రాత్రి స్టేషన్ బెంచీ మీద కూర్చున్నాం, మర్నాడు జామీను. "చిన్న కేసు సార్, అదే పోతుంది" అన్నారు అందరూ. మా మొదటి లాయరు కూడా అదే అన్నాడు. అదే ఎక్కడికీ పోదు. 2014లో ఛార్జిషీటు వేశారు. ఆ తర్వాత మేయో హాల్ కోర్టుకి వాయిదాల మీద వాయిదాలు. ఒకరోజు అక్కడ వరండాలో కూర్చుని ఆ పేరేంటని ఆలోచించాను. లార్డ్ మేయో అనే వైస్రాయిని 1872లో అండమాన్‌లో ఒక ఖైదీ పొడిచి చంపాడు. అలాంటాయన పేరు పెట్టిన భవనంలో మాలాంటి ముద్దాయిలందరూ బెంచీల మీద నిద్రపోతుంటాం. వాయిదా రోజుల్లో మనిషికి ఇలాంటి ఆలోచనలే వస్తాయి.

నేను ఫ్యాక్టరీలో స్టోర్స్ చూసేవాణ్ణి కాబట్టి నాకు నడిచిపోయింది. దెబ్బ తమ్ముడికి తగిలింది. మాది పలమనేరు దగ్గర ఊరు, అక్కడి నుంచి కువైట్ వెళ్లినవాళ్లు ఇంటికొకరుంటారు. 2017లో వాడికి కువైట్‌లో డ్రైవరు పని కుదిరింది. పోలీసు క్లియరెన్సు సర్టిఫికెట్ కావాలన్నారు. కేసు పెండింగు అని రాసిచ్చారు. వీసా పోయింది. ఏజెంటుకి కట్టిన అడ్వాన్సు కూడా పోయింది. వాడు నన్ను ఒక్క మాట అనలేదు. ఇప్పటికీ అనలేదు. ఊరికెళ్లి చిల్లర కొట్టు పెట్టుకున్నాడు.

అప్పుడు మొదలుపెట్టాను అసలు ఈ కేసు ఎలా పోతుంది అని తెలుసుకోవడం. నేర్చుకున్నదంతా చెప్తాను. నేను లాయర్ని కాదు, కోర్టు మెట్లు ఎక్కి దిగిన మనిషిని మాత్రమే.

ముందు ఒక మాట. అమెరికా సినిమాల్లో, సీరియళ్లలో చూసి "రికార్డు ఎక్స్‌పంజ్ చేయించుకోవాలి" అంటుంటారు. మా అల్లుడు డల్లాస్‌లో ఉంటాడు, వాడూ అదే అన్నాడు: "మామయ్యా, ఇక్కడ టెక్సస్‌లో కేసు కొట్టేస్తే కోర్టుకి పిటిషన్ పెట్టి ఎక్స్‌పంక్షన్ తెచ్చుకుంటారు, రికార్డే చెరిపేస్తారు, అరెస్టే జరగలేదని చెప్పుకోవచ్చు." మన దేశంలో పెద్దవాళ్లకి అలాంటి చట్టం లేదు. ఈ ఒక్క ముక్క తెలిస్తే చాలామంది బ్రోకర్లకి డబ్బులు కట్టరు.

పెద్దవాళ్లకి అని ఎందుకన్నానంటే, పిల్లలకి ఉంది. 18 ఏళ్లు నిండకముందు జరిగిన నేరమైతే 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలో సెక్షన్ 24 చూడండి. ఆ కేసు వల్ల ఏ అనర్హతా రాదు, అప్పీలు గడువు అయ్యాక రికార్డు నాశనం చేయమని బోర్డు ఆదేశించాలి. 16 దాటిన పిల్లలు ఘోరమైన నేరాల్లో పెద్దవాళ్లలా విచారణకి వెళ్లి దోషులుగా తేలితే మాత్రం అది వర్తించదు. అదే చట్టంలో సెక్షన్ 74 ప్రకారం, మూసేసిన జువెనైల్ కేసు సంగతి క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసం పోలీసులు బయటపెట్టకూడదు. ఇంటర్ చదివేటప్పుడు జరిగిన గొడవకి పాతికేళ్ల వయసులో భయపడే పిల్లలు ఉన్నారు, అందుకే చెప్పాను.

ఇక మాలాంటి వాళ్ల సంగతి. కేసు పోవడానికి దారులు కొన్నే. మొదటిది, పోలీసులే విచారించి ఇందులో ఏమీ లేదని కోర్టుకి రాయడం. కర్ణాటకలో దీన్ని 'బి రిపోర్ట్' అంటారు. మన ఆంధ్ర నుంచి వచ్చినవాళ్లకి ఈ మాట కొత్త, స్టేషన్‌లో విని తెల్లమొహం వేస్తారు. ఫిర్యాదు చేసినవాళ్లు దాన్ని ఒప్పుకోక అభ్యంతరం పెట్టొచ్చు, మేజిస్ట్రేటు కూడా ఒప్పుకోవాలి. రెండోది, కేసు నడిచి నిర్దోషి అని తీర్పు రావడం. ఎన్నేళ్లు పడుతుందో నన్నడగొద్దు. మూడోది రాజీ. కొన్ని సెక్షన్లకి కింది కోర్టులోనే రాజీ కుదుర్చుకోవచ్చు. అలా రాజీ అయితే నిర్దోషి అన్నదానితో సమానం అని చట్టంలోనే రాసుంది. పాత సీఆర్‌పీసీలో అది 320వ సెక్షన్, ఇప్పుడు 2024 జులై 1 నుంచి వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 359.

మాకు ఇక్కడే ముడి పడింది. 323కి రాజీ ఉంది. 504కీ ఉంది. 324కి లేదు. హెల్మెట్‌ని ఆయుధం కింద రాశారు కదా, ఆ ఒక్క అంకె వల్ల పెద్దాయన వచ్చి "నాకేం అభ్యంతరం లేదు స్వామీ" అన్నా మేజిస్ట్రేటు ఏమీ చేయలేరు. అలాంటప్పుడు మిగిలేది నాలుగో దారి, హైకోర్టు. సీఆర్‌పీసీ 482, ఇప్పటి బీఎన్ఎస్ఎస్‌లో 528. న్యాయం కోసం అవసరమైతే కేసునే కొట్టేసే అధికారం హైకోర్టుకి ఉంది. దీన్నే క్వాష్ అంటారు. హర్యానా మాజీ ముఖ్యమంత్రి భజన్‌లాల్ కేసులో 1990 నవంబరులో సుప్రీంకోర్టు ఎలాంటి సందర్భాల్లో కొట్టేయొచ్చో ఏడు రకాలు చెప్పింది. ఫిర్యాదులో రాసిందంతా నిజమే అనుకున్నా నేరం కనబడకపోవడం, కక్షతో పెట్టిన కేసు కావడం, అలాంటివి. 2012లో గ్యాన్ సింగ్ కేసులో ఇంకో మాట చెప్పింది: రాజీకి వీలులేని సెక్షన్ అయినా, గొడవ ఇద్దరి మధ్య సొంత వ్యవహారం లాంటిదైతే, వాళ్లు నిజంగా రాజీపడితే హైకోర్టు కొట్టేయొచ్చు. హత్య, అత్యాచారం, దోపిడీ లాంటివాటికి ఇది పనికిరాదు. అది వ్యక్తికి కాదు, సమాజానికి చేసిన నేరం కాబట్టి.

మా ట్యాంకరు గొడవ ఏ కోశానా సమాజానికి చేసిన నేరం కాదు. కానీ రాజీ అంటే అవతలి మనిషి కావాలి కదా. నాలుగేళ్లుగా ఎదురెదురు ఇళ్లలో ఉంటూ మొహాలు చూసుకోలేదు. మా ఆవిడ ముగ్గు వేస్తే ఆయన భార్య తలుపు వేసుకునేది.

మమ్మల్ని కలిపింది మళ్లీ నీళ్లే. వీధికి కావేరి కనెక్షన్ కోసం అందరూ సంతకాలు పెట్టి వాటర్ బోర్డుకి అర్జీ ఇవ్వాలి. ఆ కాగితం పట్టుకుని ఆయనింటికి ఎవరూ వెళ్లమంటే నేనే వెళ్లాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివాడు. సంతకం పెట్టాడు. తర్వాత ఆఫీసు క్యూలో ఇద్దరం పక్కపక్కన మూడు గంటలు నిలబడ్డాం. నేనే అన్నాను, "సార్, వచ్చే వారం మన కేసు వాయిదా." ఆయన తిరిగి చూశాడు. "ఏన్రీ, అది ఇన్నూ ఇదెయా?" అంది ఆయన మొహం. అంటే, అదింకా ఉందా అని. ఆయన్ని సాక్షిగా ఇంకా పిలవనే లేదు. పోలీసులు ఎప్పుడో మూసేశారనుకున్నాడు. నాలుగేళ్లు మేము ఆయన కక్ష కట్టాడనుకుని తిట్టుకుంటున్నాం, ఆయనకి కేసున్న సంగతే గుర్తులేదు.

తమ్ముడి కువైట్ సంగతి చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నుదురు తడుముకున్నాడు, అలవాటేమో. తర్వాత, "మొదటే వచ్చి తప్పైంది అనుంటే అప్పుడే అయిపోయేది కదప్పా" అన్నాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. నేను వెళ్లి మాట్లాడాను కదా అని మీరూ వెళ్లిపోకండి. జామీను ఇచ్చేటప్పుడు సాక్షుల్ని బెదిరించకూడదు, ప్రలోభపెట్టకూడదు అని షరతు పెడతారు. మీరు మంచిగానే వెళ్లినా అవతలివాళ్లకి బెదిరింపులా అనిపిస్తే ఇంకో కేసు. లాయరు ద్వారా కదిలించండి. ఇంటి గొడవలకైతే హెచ్. సిద్దయ్య రోడ్డులో న్యాయదేగుల అని ఉంది. కర్ణాటక న్యాయ సేవల ప్రాధికారం అక్కడే. 2007 నుంచి బెంగళూరు మీడియేషన్ సెంటరు కూడా అక్కడే నడుస్తోంది. ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి, ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకి ఉచితంగా లాయర్ని ఇస్తారు. 15100కి ఫోన్ చేసినా దారి చెప్తారు. మన సంఘంలో వంటపని చేసే ఒకావిడకి ఇది తెలియక నగలు తాకట్టు పెట్టింది.

ఇంటి గొడవలంటే 498ఎ గుర్తొచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2003లో చేసిన సవరణ వల్ల 498ఎకి కోర్టు అనుమతితో కింది కోర్టులోనే రాజీ కుదిరేది. కర్ణాటకలో అలా లేదు, హైకోర్టుకే రావాలి. మన ఊళ్లో ఎవరో "మా వాడి కేసు గుంటూరులోనే రాజీ అయింది" అన్నారని ఇక్కడ కింది కోర్టులో లాయర్తో పోట్లాడినవాళ్లు నాకు తెలుసు. ఆ లాయరు తప్పు కాదు, రాష్ట్రం తేడా.

ఇంకో మాట మగపిల్లల తల్లిదండ్రులకి. కొడుకు రికార్డు పోవాలని కోడలి మీద సంతకానికి ఒత్తిడి తెచ్చేవాళ్లని చూశాను. ఒకమ్మాయి నాతోనే అంది, "అంకుల్, దెబ్బలు తిన్నది నేను, వాళ్లబ్బాయికి గ్రీన్ కార్డు రావాలని సంతకం పెట్టాల్సిందీ నేనే." హైకోర్టులో జడ్జిగారు ఆ అమ్మాయిని నిలబెట్టి నీ ఇష్టంతోనే ఒప్పుకున్నావా అని అడుగుతారు. అక్కడ ఆ పిల్ల ఏం చెప్తే అది. చెప్పనివ్వండి.

సరే, మా కథకి వస్తాను. 2018లో హైకోర్టు. విధానసౌధకి ఎదురుగా ఉన్న ఎర్ర భవనం, అఠారా కచేరి. పద్దెనిమిది ఆఫీసులుండేవట ఒకప్పుడు, 1860ల్లో కట్టింది. ఇరవై ఏళ్లు ఆ రోడ్డు మీద బస్సులో పోతూ చూసినవాణ్ణి, లోపలికి వెళ్తానని అనుకోలేదు. పిటిషన్‌కి ఏమేం కావాలంటే: ఎఫ్‌ఐఆర్, ఫిర్యాదు, ఛార్జిషీటు, మేజిస్ట్రేటు కోర్టు ఆర్డర్ షీటు, వీటి సర్టిఫైడ్ కాపీలు. కన్నడలో ఉన్నవాటికి ఇంగ్లీషు అనువాదం. ఆధార్. ఇద్దరి తరఫునా రాజీ మెమో, అఫిడవిట్లు. ప్రభుత్వం మొదటి ప్రతివాది, ఫిర్యాది రెండో ప్రతివాది. అంటే మన పెద్దాయన తన తరఫున ఇంకో లాయర్ని పెట్టుకోవాలి. ఆ ఫీజు నేనే కడతానంటే కోప్పడ్డాడు. చివరికి సగం సగం అన్నాడు. మొత్తం మీద నాకు 60 వేల చిల్లరైంది, మీకు ఎంతవుతుందో లాయర్ని బట్టి.

ఆ రోజు తమ్ముడు రాత్రి బస్సెక్కి వచ్చాడు. కోర్టు హాల్లో ముగ్గురం వరుసగా నిలబడ్డాం. జడ్జిగారు కాగితాలు తిరగేసి పెద్దాయన్ని అడిగారు, ఎవరైనా బలవంతం చేశారా అని. "ఇల్ల స్వామీ. నీరిన గలాటె" అన్నాడు. లేదు స్వామీ, నీళ్ల గొడవ. వెనక ఎవరో నవ్వారు. మూడు నాలుగు నిమిషాల్లో అయిపోయింది. ఐదేళ్ల కేసు. బయటికొచ్చి క్యాంటీన్లో ముగ్గురం కాఫీ తాగాం, పెద్దాయన బిల్లు కట్టనివ్వలేదు.

ఇక్కడితో కథ సుఖాంతం అనుకున్నాను. లేదు. ఈ పోస్టు రాయడానికి అసలు కారణం ఇకమీద చెప్పేదే.

2019లో పాస్‌పోర్టుకి అప్లై చేశాను. వెరిఫికేషన్‌కి స్టేషన్‌కి వెళ్తే కంప్యూటర్లో నా పేరు పక్కన కేసు ఇంకా విచారణలో ఉన్నట్టే చూపిస్తోంది. హైకోర్టు ఆర్డరు దానంతట అది నడుచుకుంటూ స్టేషన్‌కి రాదు. ఈ మాట మాకెవరూ చెప్పలేదు. ఆర్డరు సర్టిఫైడ్ కాపీ తీసుకుని ముందు మేజిస్ట్రేటు కోర్టులో వేసి కేసు మూసినట్టు ఆర్డర్ షీటులో రాయించాలి. ఈ-కోర్టుల సైటులో మీ కేసు సీఎన్ఆర్ నంబరు కొట్టి 'డిస్పోజ్డ్' అని మారిందో లేదో చూసుకోవాలి. తర్వాత స్టేషన్‌లో ఒక అర్జీతో పాటు ఆర్డరు కాపీ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. నేను నాలుగుసార్లు తిరిగాను. అది మారాక పాస్‌పోర్టు వచ్చింది. ఆర్డరు కాపీలు ఒక ఐదారు తీసి పెట్టుకోండి. నావి ప్లాస్టిక్ కవర్లో పెళ్లి ఆల్బమ్ పక్కన ఉంటాయి.

కేసు పెండింగులో ఉన్నా పాస్‌పోర్టు దారి పూర్తిగా మూసుకుపోదు, ఇది కూడా అప్పుడే తెలిసింది. 1993 ఆగస్టు 25 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం కేసు నడుస్తున్న కోర్టు అనుమతి ఇస్తే పాస్‌పోర్టు ఇస్తారు. కోర్టు ఎంతకాలమంటే అంతకాలానికి. 2017లో తమ్ముడి కోసం మేయో హాల్‌లో ఒక్క అర్జీ పెట్టి, అనుమతి అడిగి ఉంటే ఏమయ్యేదో. మా లాయరు చెప్పలేదు, మాకు తెలియదు. ఇప్పటికీ రాత్రిళ్లు గుర్తొస్తుంది.

కంప్యూటర్ మారింది కదా, ఇంకేముంది అంటారా. ఇంటర్నెట్ ఉంది. 2016 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఎఫ్‌ఐఆర్‌లని 24 గంటల్లో పోలీసు సైట్లలో పెట్టమంది, సున్నితమైన కేసులు తప్ప. అది మంచికే, ముద్దాయికి తన మీద ఏం రాశారో తెలియాలి కదా. తీర్పులు కూడా నెట్‌లో ఉంటాయి. నా పేరు, మా నాన్న పేరుతో కలిపి వెతికితే హైకోర్టు ఆర్డరు వస్తుంది. కేసు కొట్టేశారన్న ఆర్డరే. కానీ చదివేవాళ్లు పై రెండు లైన్లు చదువుతారు, అక్కడ ఏ2 అని ఉంటుంది.

దీని మీద కూడా మన బెంగళూరులోనే మొదటి అడుగులు పడ్డాయి. 2017 జనవరిలో ఒక తండ్రి కర్ణాటక హైకోర్టుకి వచ్చాడు. కూతురి కేసు రాజీతో ముగిసిపోయింది, నెట్‌లో ఆమె పేరు వెతికితే ఆ ఆర్డరు కనిపిస్తోంది, తీసేయండి అని. కోర్టు ఒప్పుకుంది. ఇంటర్నెట్ వెతుకులాటలో ఆమె పేరు రాకుండా చూడమని రిజిస్ట్రీకి చెప్పింది. సర్టిఫైడ్ కాపీలో మాత్రం పేరు ఉంటుందంది. విచిత్రమేమిటంటే ఆ తీర్పుని లాయర్లందరూ ఆ తండ్రి పేరుతోనే పిలుస్తారు. నేను రాయను. అదే ఏడాది ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. ఆ కేసు వేసిన జస్టిస్ పుట్టస్వామి గారు ఈ ఎర్ర భవనంలోనే జడ్జిగా చేసినవారు, 86 ఏళ్ల వయసులో ఆధార్ మీద పిటిషన్ వేశారు.

అయితే దీన్ని నమ్ముకుని రేపే పిటిషన్ వేసేయకండి. మద్రాసు హైకోర్టులో నిర్దోషిగా బయటపడిన ఒకాయన ఇలాగే అడిగితే 2021లో కాదన్నారు. 2024లో ఇద్దరు జడ్జీల బెంచి పేరు తీసేయమంది. అదే ఏడాది జులైలో సుప్రీంకోర్టు దాని మీద స్టే ఇచ్చింది. తీర్పులు అందరూ చూడగలగాలి అన్నది ఒకవైపు, బయటపడ్డ మనిషి బతకాలి అన్నది ఇంకోవైపు. రెండూ సబబుగానే ఉన్నాయి నాకు. నా పేరు సంగతి నేను వదిలేశాను.

శిక్ష పడినవాళ్ల సంగతి ఇంకా కష్టం. అప్పీలులో గెలవాలి, అంతే. చిన్న నేరాలకి కోర్టు జైలు బదులు ప్రొబేషన్ మీద వదిలితే, 1958 ప్రొబేషన్ చట్టం సెక్షన్ 12 ప్రకారం ఆ శిక్ష వల్ల వచ్చే అనర్హతలు ఉండవు. ఒప్పుకుని జరిమానా కట్టేస్తే పోతుంది అని ఎవరైనా అంటే ఒక్క నిమిషం ఆగండి. ఒప్పుకోవడమంటే దోషినని రాసివ్వడం. వాయిదాలకి విసిగి అలా కట్టేసి, తర్వాత గవర్నమెంటు ఉద్యోగం ఫారం ముందు ఏడ్చినవాళ్లున్నారు. రౌడీ షీటు వేరే సంగతి. అది పోలీసుల సొంత రిజిస్టరు, కేసు పోయినా అది దానంతట పోదు, రిట్ పిటిషన్ వేసుకోవాలి. దాని మీద ఇంకోసారి రాస్తాను.

ఇప్పుడు ఆ గడి. 2023లో మా అమ్మాయికి పురుడు. డల్లాస్ వెళ్లాలి. వీసా ఫారంలో ప్రశ్న ఉంటుంది: ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా, క్షమాభిక్ష లాంటిది వచ్చినా సరే చెప్పండి అని. మా ఆవిడ "కేసే లేదు కదా, లేదు అని కొట్టండి" అంది. అల్లుడికి చెప్తే వాడూ తటపటాయించాడు. మా అమ్మాయి మాత్రం ఫోన్లో, "నాన్నా, నాకు ఆ కేసు తెలియదనుకుంటున్నావా? నేను అప్పుడు తొమ్మిదో క్లాసు. మిమ్మల్ని జీపెక్కించడం మేడ మీంచి చూశాను" అంది. పదేళ్లు ఆ పిల్లకి తెలియకుండా దాచానని నేననుకుంటున్నాను.

అవును అని పెట్టాను. కింద నాలుగు లైన్లలో జరిగింది రాశాను. ఇంటర్వ్యూలో ఆర్డరు కాపీ ఇచ్చాను. అటువైపు అమ్మాయి చదివి "నీళ్ల కోసమా?" అంది. అవునన్నాను. కొన్ని వారాలు ఆపారు, మా ఆవిడ నన్ను వీరుడివి వీరుడివి అని సతాయించింది. తర్వాత ఇచ్చారు. అందరికీ ఇలాగే జరుగుతుందని చెప్పను. కానీ 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఉద్యోగాల విషయంలో చెప్పింది కూడా చదివాను. ఫారంలో అడిగినదానికి నిజం చెప్పాలి. నిజం చెప్పినా యజమాని పాత సంగతులు చూడొచ్చు, ఉద్యోగం ఇవ్వమని బలవంతం లేదు. చిన్న కేసైతే, దాచినా సరే, క్షమించి వదిలేసే వీలు కూడా యజమానికి ఉంది. తెలిసి తెలిసి దాచి దొరికిపోతే మాత్రం ఆ దాపరికమే ఒక కారణమవుతుంది.

ఇదంతా ఆ అబ్బాయికి ఆ రోజు కుర్చీల మధ్య కూర్చుని చెప్పాను. 40 వేలు అడిగినతను కంప్యూటర్లో ఏమీ తీయడు, తీస్తే అదింకో నేరం, నువ్వు అందులో ఏ2 అవుతావు అన్నాను. ఫారంలో కేసు ఉందని రాసి, నంబరు రాసి, పక్కన క్వాష్ పిటిషన్ వేస్తున్నానని రాయమన్నాను. రాశాడు. హెచ్ఆర్ వాళ్లు ఇంకా ఏమీ చెప్పలేదు. వాడికి నిద్ర లేదు, రోజూ రాత్రి నాకు మెసేజ్ పెడతాడు.

పోయిన వారం మా లాయర్ని కలిశాం. ఛార్జిషీటు కాపీ తీశాం. ఆటో అతనిది హొసకోటె దగ్గర. లాయరే ఫోన్ చేశాడు, స్పీకర్లో పెట్టి. మొదట కోపంగానే మాట్లాడాడు. ఆ అద్దం తనే మార్పించుకున్నాడట, 15 రోజులు చేతికి కట్టుతో ఆటో తోలలేదట, ఇంట్లో ఎవరూ పలకరించలేదట. ఈ అబ్బాయి తల దించుకుని విన్నాడు. నాలుగేళ్లలో ఇవి వాడికి తెలియవు, ఛార్జిషీటులో గాయం సైజు మాత్రమే ఉంటుంది. చివరికి ఆటో అతను, సరే ఆదివారం రమ్మనండి, లాయరు కూడా రావాలి, పొద్దున బాడుగలుంటాయి, రెండింటి తర్వాత అన్నాడు.

వెళ్తున్నాం. 15 రోజుల బాడుగ ఎంతవుతుందో లెక్కేసుకుని రమ్మన్నాను వాణ్ణి. మొన్న మా ఎదురింటి పెద్దాయనకి చెప్తే, "నేనూ బర్తీని" అన్నాడు. ఆయనకిప్పుడు 74. కారులో ముందు సీటు కావాలన్నాడు, మోకాళ్ల నొప్పులంట.